స్లాబు ఎప్పుడు చల్లారుతుంది? ఎండల మీద మీ ఉత్తరాలకు జవాబులు

ఎండల గురించి అడగాలనుకున్నది రాయండి అని పోయిన సంచికలో అన్నందుకు ఈసారి బల్ల నిండా ఉత్తరాలు. ఎక్కువగా నెల్లూరు, ఒంగోలు, కావలి వైపు నుంచే వచ్చాయి, అందులో వింతేమీ లేదు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను, పొడుగ్గా ఉన్నవాటిని కత్తిరించాను, చాలామంది పేర్లు వద్దన్నారు గనక ఎవరి పేరూ వేయలేదు. నేనూ నెల్లూరువాణ్ణే, స్లాబు కింద పడుకునేవాణ్ణే, కాబట్టి అక్కడక్కడా జవాబులో నా గోడు కూడా దూరింది, సర్దుకోండి.

ప్రశ్న: మాది నెల్లూరు బాలాజీ నగర్‌లో రెండో అంతస్తు, పైన ఇంకేం లేదు, స్లాబే. మే నెలలో సాయంత్రం ఏడు దాటితే బయట కాస్త గాలి తగులుతుంది గానీ ఇంట్లోకి అడుగు పెడితే ఇటుకల బట్టీలోకి పోయినట్టే ఉంటుంది. ఫ్యాను వేస్తే వేడిగాలి నెత్తిన పోస్తుంది. మూడేళ్ల పాప రాత్రి రెండు దాకా నిద్రపోదు. మా ఆయనేమో "నెల్లూరన్నాక ఎండలుండవా ఏంది" అంటారు. ఇది మా ఇంటి లోపమా, అందరూ చెప్తున్న వాతావరణ మార్పా? ముందు ముందు ఇంకా పెరుగుతుందా?
(గృహిణి, నెల్లూరు)

జవాబు: రెండూనమ్మా. ముందు ఇంటి సంగతి చూద్దాం. ఈ రాత్రి పదింటికి స్టూలెక్కి అరచెయ్యి సీలింగుకు ఆనించండి, తర్వాత గోడకి, ఆ తర్వాత దిగి నేలకి. పోయిన మే నెలలో నేను మా ఇంట్లో ఇదే చేశాను, సీలింగు జ్వరమొచ్చిన పిల్లాడి వీపులాగా కాలుతోంది, పడమటి గోడ దానికి తమ్ముడిలా ఉంది, నేల మాత్రం హాయిగా ఉంది. కాంక్రీటుకున్న గుణమే అంత. పగలంతా ఎండ తాగుతుంది, తాగినదాన్ని నెమ్మదిగా లోపలికి దింపుతుంది, మధ్యాహ్నం రెండింటికి డాబా మీద కొట్టిన ఎండ మీ మంచం దాకా వచ్చేసరికి చీకటి పడుతుంది. మీ ఫ్యాను ఆ సీలింగు కిందున్న గాలినే తీసి మీ మీదకు తోస్తుంది, పాపం దాని తప్పేం లేదు.

ఇక ఇంటి బయటికి వస్తే, ఊరంతా ఇలాంటి స్లాబులే. ట్రంకు రోడ్డు తారు, సందుల్లో సిమెంటు రోడ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి పట్టనంత సందు, నీళ్లు ఇంకే మట్టి నేల లేదు, ఆవిరి వదిలే చెట్టు లేదు. పగలు దాచుకున్న వేడిని ఇవన్నీ కలిసి రాత్రికి వదులుతాయి, ఆ వేడి పైకి పోవడానికి ఇరుకు సందుల్లో దారి ఉండదు. అందుకే పట్నానికీ చుట్టుపక్కల పల్లెకూ తేడా మధ్యాహ్నం కన్నా రాత్రిపూట బాగా తెలుస్తుంది. పొదలకూరు రోడ్డులో ఊరు దాటి వరిమళ్లు మొదలైన చోట రాత్రి తొమ్మిదికి బండి మీద వెళ్తే ఒళ్లు ఒక్కసారిగా తేలికపడుతుంది చూడండి, అదే ఇది. కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు, లండన్ మధ్యలో రాత్రులు పక్క పల్లెల కన్నా వెచ్చగా ఉంటున్నాయని లూక్ హోవార్డ్ అనే ఆయన 200 ఏళ్ల కిందటే కొలిచి రాశాడు. అప్పటికి ఏసీలూ లేవు, కార్లూ లేవు.

ఈ పట్నపు వేడి మీద భూమి వేడెక్కడం అదనం. మన కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వేసిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 దాకా దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కింది. వింటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ అదే నివేదిక ఇంకో మాట చెప్పింది, కర్బన వాయువులు ఇలాగే పెరుగుతూ పోతే ఈ శతాబ్దం ఆఖరుకు వేడి పగళ్లు 55 శాతం, వేడి రాత్రులు 70 శాతం పెరగవచ్చని, ఎండాకాలంలో వడగాలులు 1976-2005 మధ్య వచ్చినదానికి మూడు నాలుగింతలు అవుతాయని. పగళ్ల కన్నా రాత్రులు ఎక్కువ పాడవుతాయన్న ఆ మాట దగ్గర ఆగండి. పగలు ఎంత కాలినా రాత్రి ఆరేడు గంటలు ఒళ్లు చల్లబడితే మనిషి తేరుకుంటాడు, గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. ఆ రాత్రే లేకపోతే రెండో రోజు ఎండ మొదటి రోజు అలసట మీద పడుతుంది, మూడో రోజు ఆ రెంటి మీదా. మీ పాప రాత్రి రెండు దాకా మేలుకోవడం నాకు మధ్యాహ్నం 43 డిగ్రీల కన్నా ఎక్కువ కంగారు పెట్టే సంగతి.

చెయ్యగలిగింది చెప్తాను. శివరాత్రి వెళ్లగానే డాబా కడిగి సున్నం వేయించండి, మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి ఎండాకాలమంతా నిలుస్తుంది, మళ్లీ ఏడాదికి ఎలాగూ వేయాలి. సున్నం రాత్రంతా నానబెట్టి, బట్టలో వడగట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు, అది కూడా సాయంత్రం పూట. ఎండకు తెల్లటి డాబా వైపు చూడలేక కళ్లు చికిలించాల్సి వచ్చిందంటే పని బాగా జరిగిందన్నమాట, ఆ ఎండ మీ ఇంట్లోకి దిగకుండా తిరిగి పైకి పోతోంది. లోపల రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గుతుందని చెప్తారు, ఇల్లూ గాలీ బట్టి ఉంటుంది. దీనికోసమే తెలంగాణ 2023లో ఒక విధానమే తెచ్చింది. ఓపికుంటే స్లాబుకు నాలుగడుగుల పైన తాటాకులో, పచ్చ నెట్టో కట్టండి, మధ్యలో గాలి ఆడాలి, స్లాబు మీదే పరిచేస్తే సగం లాభమే. పడమటి కిటికీ పగలంతా మూసి బయటి వైపు తెర దించండి. చాలామంది పరదా లోపలి వైపు కడతారు, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక దాన్ని అడ్డుకుని ఏం లాభం? రాత్రి మాత్రం ఎదురెదురు కిటికీలు తీసి ఉంచండి. పాపను మంచం మీద కాకుండా నేల మీద చాపేసి పడుకోబెట్టండి, పడుకునే ముందు తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. మీ ఆయన్ని ఒకసారి సీలింగుకు చెయ్యి ఆనించమనండి చాలు.

ప్రశ్న: నాకు 74 ఏళ్లు, రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాత అనేవాడు. ఆయన కాలంలో ఈ కర్బన వాయువుల మాట ఎవరికి తెలుసు? 2003 చూశాం, 2015 చూశాం, వచ్చాయి పోయాయి. ప్రతి వేసవికీ ప్రళయం వచ్చేస్తోందని ఈ గోల ఎందుకు?
(ఒంగోలు)

జవాబు: మాస్టారూ, మీ తాతగారి మాట అబద్ధమని ఎవరూ అనడం లేదు, మన జిల్లాల్లో ఎండ కొత్తది కాదు. కానీ 2003, 2015 "వచ్చాయి పోయాయి" అన్నచోట నేను ఒప్పుకోను. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. 2015 మే నెలలో దేశం మొత్తం మీద రెండు వేలకు పైగా పోతే అందులో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణల వాళ్లే, బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. ఎండలు పోయాయి గానీ ఆ మనుషులు తిరిగి రాలేదు గదా.

ఇక లెక్క మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. పరిశ్రమలు పెద్దగా లేని రోజుల్లో, అంటే 1850-1900 మధ్య, పదేళ్లకు ఒకసారి వచ్చే గట్టి ఎండను కొలతగా పెట్టుకుందాం. ఐక్యరాజ్య సమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో వేసిన లెక్క ప్రకారం, భూమి ఒక డిగ్రీ వేడెక్కిన స్థితిలోనే అది పదేళ్లలో దాదాపు మూడుసార్లు వస్తోంది. ఒకటిన్నర డిగ్రీలకు నాలుగుసార్లు, రెండు డిగ్రీలకు అయిదారుసార్లు, నాలుగు డిగ్రీలకు పోతే తొమ్మిదికి పైన, అంటే దాదాపు ఏటా. అదీ మునుపటి ఎండ కాదు, అంతకన్నా వేడిది. ఇది ప్రపంచంలోని నేల మొత్తానికి సగటు, ఒక్క ఒంగోలు లెక్క అనుకోకండి. 2024లో ప్రపంచ సగటు ఏడాది మొత్తానికి ఒకటిన్నర డిగ్రీలు దాటేసింది, అలా దాటిన మొదటి సంవత్సరం అదే. మన దేశంలో కూడా 1901 తర్వాత అంత వేడి సంవత్సరం లేదు. 2022లో రోహిణి కార్తె దాకా ఆగలేదు మాస్టారూ, దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే వేడి మార్చి ఆ ఏడాదిది, ఉగాది పచ్చడి తినకముందే వడగాలి.

ఇంకొకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. రోళ్లు పగిలే ఎండలో మీ తాతగారు ఎక్కడ పడుకున్నారు? పెంకుటింటి వసారాలోనో, వేపచెట్టు కింద నులకమంచం మీదో అయ్యుంటుంది, రాత్రి ఆకాశం కింద. ఆ చెట్టున్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంది, ఆ ఇంట్లో మనవలు పడుకుంటున్నారు. ఎండ పెరగడం ఒక సంగతైతే, ఎండను తట్టుకునే ఏర్పాట్లు మనమే పీకేసుకోవడం ఇంకో సంగతి.

ప్రశ్న: మాది కొత్తపట్నం. ఫోనులో 36 డిగ్రీలు అని ఉంటుంది, కిందే "ఫీల్స్ లైక్ 48" అని. ఏది నిజం? కనిగిరిలో మా అక్కవాళ్లకు 42 ఉంటుంది, అయినా అక్కడికి పోతే నాకు ఇంత ఉడుకు అనిపించదు. మేమేమన్నా సుకుమారులమా?
(డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న తల్లీ, ఈసారి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. మీ అక్కవాళ్లింట్లో మట్టికుండ ఉందా? ఉంటే ఆ నీళ్లు తాగి గుర్తు చేసుకో, పళ్లు జివ్వుమంటాయి. అదే కుండ తెచ్చి మీ కొత్తపట్నంలో పెడితే చెమర్చి ఊరుకుంటుంది, నీళ్లు అంతగా చల్లబడవు. కుండ ఒంటి మీద తడి ఆరితేనే లోపలి నీళ్లు చల్లబడతాయి, సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. మన ఒళ్లు కూడా కుండే. చెమట ఆరితేనే మనం చల్లబడతాం, కారి కిందపడితే ఉప్పూ నీళ్లూ పోవడమే తప్ప లాభం లేదు.

దీన్ని కొలవడానికి థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలిలో పెడతారు, వచ్చే అంకెను వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. కనిగిరిలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుంటే వెట్ బల్బ్ 24 దగ్గర ఉంటుంది. కొత్తపట్నంలో 36, తేమ 65 శాతం అయితే 30 దాటుతుంది. కాబట్టి నీ ఒళ్లు నీకు అబద్ధం చెప్పడం లేదు. 35 వెట్ బల్బ్ దగ్గర ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కూర్చున్నా, కొన్ని గంటలకు మించి బతకలేడని 2010లో ఒక లెక్క వేశారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లనే ఉక్కపోత గదిలో పెట్టి చూస్తే, చిన్న చిన్న పనులు చేస్తుండగా 31 దగ్గరే ఒంట్లో వేడి అదుపు తప్పడం మొదలైంది. అక్కడికక్కడే ప్రాణం పోతుందని కాదు, ఒళ్లు చల్లబరచుకోలేక ఓడిపోతూ ఉంటుందని. ముసలివాళ్లకు ఆ గీత ఇంకా కిందే.

మన తీరానికి ముందు ముందున్న ఇబ్బంది ఇక్కడే ఉంది. 1951 నుంచి 2015 మధ్య హిందూ మహాసముద్రం ఒక డిగ్రీ దాకా వేడెక్కింది, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అంటే ఉక్కపోత కూడా పెరిగే దారిలోనే ఉంది. వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాలి లెక్కలోకి తీసుకుంటుంది, తీరంలో 37 చాలు, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి అంటుంది. అది కూడా గాలి వేడిని చూసి పెట్టిన లెక్కే, ఉక్కపోత అందులో పూర్తిగా కనపడదు. అందుకని గాలి వేడికి తేమను కూడా కలిపి లెక్కేసే, ఫోనులో కింద ఉన్న ఆ రెండో అంకెనే నమ్ము.

మీ ఊళ్లో ఇంకో రకం రోజులు కూడా ఉంటాయి, చూసే ఉంటావు. బంగాళాఖాతంలో తుఫాను లేచి పైకి పోయేటప్పుడు అది పడమటి పొడిగాలిని మన మీదుగా లాక్కుంటుంది, సముద్రపు గాలి లోపలికి రాదు. తుఫాను మనకు రాలేదులే అని ఊపిరి పీల్చుకునేలోగా ఎండ పేలిపోతుంది.

ప్రశ్న: నేను తాపీ మేస్త్రిని. స్లాబు పని ఉన్న రోజు పొద్దున ఏడు నుంచి మూడు దాకా ఎండలోనే. నీళ్లు తాగతానే ఉంటా, అయినా సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. పోయినేడు మా హెల్పరు ఒకడు సెంట్రింగు మీదే తూలి పడిపోయినాడు, ఏదేదో మాట్లాడాడు, సోడా తాగించి నీడలో పండబెట్టినాం. ఆసుపత్రికి తీసకపోయేసరికి గంటన్నర పట్టింది. బతికినాడు గానీ మునుపటి మాదిరి లేడు. మేం చేసింది తప్పా?
(చీమకుర్తి దగ్గర)

జవాబు: మేస్త్రీ, నీడలో పడుకోబెట్టడం సరైనదే, మిగతాది తెలియక జరిగింది, మనసులో పెట్టుకోకండి. కానీ ఇకమీదట గుర్తుంచుకోండి. ఎండలో పనిచేసే మనిషి మాట తడబడినా, తిక్కతిక్కగా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అంటారు, అది తప్పు, కష్టం చేసేవాడికి చెమట కారుతుండగానే వడదెబ్బ తగులుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది, అది ఎంతసేపు అలా ఉంటే మెదడుకు, మూత్రపిండాలకు అంత దెబ్బ. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు చొక్కా విప్పి ఒళ్లంతా నీళ్లు గుమ్మరించండి, అట్టముక్కతో విసరండి, ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకి, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్లాబు మీది నల్ల ట్యాంకు నీళ్లు పోయకండి, మధ్యాహ్నానికి అవి టీ కాచుకునేంత వేడి మీదుంటాయి, తొట్టిలోవో బోరువో పట్టండి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో సోడా, నీళ్లు, ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. బండి వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి.

మీ పిక్కల సంగతి. నీళ్లు తాగుతున్నారు, ఉప్పు పోతోంది. లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, తలకొట్టి. ఇది కలిపి సీసాలో పెట్టుకోండి, మజ్జిగలో ఉప్పేసుకున్నా మంచిదే, చద్దన్నం తిని వస్తే ఇంకా మంచిది. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకో గ్లాసు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడికి మొదటి రోజే పూర్తి పని అప్పజెప్పకండి, ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు అయిదో వంతు పని, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. వడదెబ్బతో పడిపోయేవాళ్లలో కొత్తవాళ్లు, సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లు ఎక్కువ.

ఇవన్నీ చెప్తున్నా గానీ, మూడింటి దాకా ఎండలో ఉండే మనిషికి మజ్జిగ ఎంతని కాపు కాస్తుంది? పని వేళ మారాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లైట్లు పెట్టి మొదలుపెట్టి పదకొండుకు దించేస్తే కాంక్రీటుకూ మంచిదే, ఎండకు త్వరగా ఆరి బీటలు పడే బాధ తగ్గుతుంది, ఆ మాట కాంట్రాక్టరుకు చెప్పండి, మీ పిక్కల కన్నా స్లాబు బీటల మాట ఆయనకు త్వరగా ఎక్కవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం 2030 నాటికి ఎండల వల్ల మన దేశం 5.8 శాతం పనిగంటలు పోగొట్టుకుంటుంది, 3 కోట్ల 40 లక్షల పూర్తికాల ఉద్యోగాలతో సమానం. ఇంకో మాట, మీ దగ్గర ఇసుక మోసే ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగుతున్నారేమో కనుక్కోండి. సైటులో మరుగుదొడ్డి లేక తాగరు. నాలుగు రేకులతో ఒకటి కట్టిస్తే అది మజ్జిగ కన్నా పెద్ద మందు.

ప్రశ్న: ఒక అపార్టుమెంటులో ఆఖరి అంతస్తు, పడమటి వైపు ఫ్లాట్ మిగతావాటి కన్నా తక్కువకు ఇస్తున్నారు. ఏసీలు పెట్టేసుకుంటే సరిపోదా అని మావారు. కొనొచ్చా?
(వేదాయపాళెం)

జవాబు: తక్కువకు ఎందుకిస్తున్నారో మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ ఫ్లాట్లో ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. కూర్చున్నాకే బేరమాడండి. ఏసీ పెట్టుకోవద్దని నేననను, పెద్దవాళ్లూ పసివాళ్లూ ఉన్న ఇంట్లో అది షోకు కాదు. కానీ ఏసీ వేడిని మాయం చేయదు, గదిలోది తీసి బయట పోస్తుంది, అందరి అవుట్‌డోర్ యూనిట్లూ ఒకే ఇరుకు డక్టులో ఉంటే మీ కిందింటి వేడి మీ యూనిటే పీల్చుకుంటుంది. పైగా కరెంటు. 2024 మే 30న దేశంలో కరెంటు వాడకం 250 గిగావాట్లకు చేరింది, ఎండ ముదిరిన రాత్రి అందరూ ఒక్కసారి ఏసీ వేస్తే వీధి ట్రాన్స్‌ఫార్మర్ చేతులెత్తేస్తుంది, అప్పుడు మీకు మిగిలేది ఆ స్లాబూ ఆ పడమటి గోడే. కొనాలనే ఉంటే స్లాబు మీద తెల్ల టైల్స్ వేయించమని బిల్డర్‌తో రాయించుకోండి, పడమటి కిటికీలకు బయట ఎండ అడ్డం పెట్టించండి, ఎదురెదురు గాలి ఆడే గది ఒక్కటైనా ఉందో లేదో చూడండి. ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుంది.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉంటాను. అమ్మానాన్న కావలిలో ఇద్దరే. నాన్నకు 76, బీపీ మాత్రలు వాడతారు. దొంగల భయంతో రాత్రి కిటికీలు మూసేస్తారు, కరెంటు బిల్లని కూలర్ వేయరు. ఫోన్ చేస్తే "మాకేం కాదులే అమ్మాయ్" అంటారు. నాకు టెన్షన్‌గా ఉంటుంది.

జవాబు: మీ టెన్షన్‌కు అర్థముంది. 1995 జూలైలో అమెరికాలోని షికాగోలో వడగాలి వచ్చి 739 మంది అదనంగా చనిపోయారు, అందులో ఎక్కువమంది ముసలివాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు, దొంగల భయంతో కిటికీలు బిగించుకుని పైఅంతస్తుల్లో ఉన్నవాళ్లు. మీ ఉత్తరం చదవగానే అదే గుర్తొచ్చింది. ఇలాంటి చావులు మన దగ్గర వడదెబ్బ లెక్కలోకే రావు, ఇంట్లో నిద్రలో పోతే గుండెపోటు అని రాస్తారు.

పెద్దవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు, కాబట్టి "నీళ్లు తాగండి" అని చెప్తే లాభం లేదు, పొద్దున రెండు సీసాలు నింపి ఎదురుగా పెట్టుకుని సాయంత్రానికి ఖాళీ చేయాలని చెప్పండి. గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉండి నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఆయన్నే అడగండి. బీపీ మాత్రల్లో ఒంట్లో నీళ్లు లాగేసే రకం కూడా ఉంటుంది, నాన్నగారివి అవేమో, ఎండాకాలంలో మోతాదు మార్చాలేమో డాక్టరుతో మాట్లాడండి, సొంతంగా ఆపేయించొద్దు. కిటికీలకు గట్టి గ్రిల్లు, దోమల తెర పెట్టిస్తే తెరుచుకుంటారు, అది ఈ వారాంతం మీరే వచ్చి చేయించాల్సిన పని. గాలి 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఉత్త ఫ్యాను మంచిది కాదు, వేడిగాలి ఒంటికి కొట్టినట్టే, అప్పుడు చేతులకూ మెడకూ తడిగుడ్డ వేసుకోవాలి.

ఫోన్ చేసినప్పుడు "బాగున్నారా" అని అడగకండి, బాగున్నామనే అంటారు. "రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచారు" అని అడగండి. వరసగా రెండు రాత్రులు నిద్ర లేదన్నారంటే పక్కింటివాళ్లకు ఫోన్ చేసి ఒకసారి చూసి రమ్మనండి. పక్కింటివాళ్ల నంబరు మీ దగ్గర ఉందా అసలు?

ప్రశ్న: జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు, నిజమా?
(కందుకూరు)

జవాబు: జేబులో ఉన్న ఉల్లిపాయ జేబుకే పనికొస్తుంది. మజ్జిగన్నంలో నంజుకోండి.

ప్రశ్న: మేం పదిమంది కుర్రాళ్లం కలిసి ఏటా నెల్లూరులో చలివేంద్రం పెడతాం. ఈసారి దాంతోపాటు ఇంకేమైనా చేయాలని ఉంది. మున్సిపాలిటీని ఏం అడగాలి?

జవాబు: అహ్మదాబాద్ సంగతి చెప్తాను. 2010 మే నెలలో అక్కడ 46.8 డిగ్రీలు కొట్టింది, ఆ నెలలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. ఆ దెబ్బకు కళ్లు తెరిచి 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక అని ఒకటి తెచ్చారు, దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. వేడి ఎంత దాటితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఆసుపత్రుల్లో ఐసు, సెలైను ఎక్కడుండాలి, పార్కులు ఏ వేళల్లో తెరిచి ఉంచాలి, ఇలాంటివి ముందే కాగితం మీద పెట్టుకున్నారు. మన దగ్గర ఏ మండలంలో రేపు వడగాలి ఉంటుందో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందురోజే చెప్తుంది. ఆ కబురు అందాక మీ వార్డులో ఎవరు ఏం చేస్తారు అని అడగండి, జవాబు రాకపోతే అదే మీ అర్జీ. రేకుల ఇళ్లున్న వీధులు ఎన్ని, ఒంటరి ముసలివాళ్లు ఎందరు అన్న లిస్టు మీరే నాలుగు ఆదివారాల్లో రాయగలరు. రాత్రిపూట కాసేపు పడుకోవడానికి ఒక బడినో కల్యాణ మండపాన్నో తెరిపించగలిగితే ఇంకా మేలు.

చెట్లు నాటాలనుకుంటే కానుగ నాటండి, వేప నాటండి. కానుగ మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి సరిగ్గా చైత్రానికి కొత్తాకుతో నిండుతుంది, ఎండ ముదిరేసరికి నీడ సిద్ధం. ఫొటోకు బాగుంటాయని ఈతచెట్టు లాంటి షోకు మొక్కలు డివైడర్ల మీద పెడుతున్నారు, వాటి నీడలో పిల్లి కూడా పడుకోదు.

ఇక మీ చలివేంద్రం. ఫ్లెక్సీ బాగా కనపడే చోటు కాదు, పొద్దున కూలీలు నిలబడే అడ్డా దగ్గరా, ఆటోలు ఆగే చోటా, నీడ లేని బస్టాపు దగ్గరా పెట్టండి. నీళ్లతోపాటు ఒక బల్ల, పందిరి, ఉప్పేసిన మజ్జిగ. నిమ్మకాయలకు గూడూరు, పొదలకూరు పక్కనే ఉన్నాయి. తారీఖు విషయంలో మాత్రం మిగతా రాష్ట్రాన్ని చూసి మోసపోకండి. రుతుపవనాలు వచ్చాయని జూన్ పదికల్లా అందరూ పందిళ్లు పీకేస్తారు, కానీ నైరుతి వాన వెలికొండల అవతలే ఆగి మనకు పడమటి వేడిగాలే దిగుతుంది, ఆ గాలి గట్టిగా ఉన్న రోజున సముద్రపు గాలి సాయంత్రానికి కూడా ఊళ్లోకి రాదు. ఎన్నో ఏళ్లు జూన్ ఆఖరున ఖాళీ పందిరి గుంజల పక్కన నిలబడి బస్సు కోసం చూశాను, కుండ పెట్టిన ఇసుక దిబ్బ అలాగే ఉంటుంది, కుండ ఉండదు. జూలై రెండో వారం దాకా ఉంచండి.